కంప్యూటరులోని కల్పిత ఫోను
ఆండ్రాయిడు ఎమ్యులేటరు అనునది కంప్యూటరులో నడచు కల్పిత ఫోను. నా మనుమఁడు రైతులకొఱకు వ్రాసిన ధాన్యపు లెక్కల యాప్పును దానిలో తెఱవఁగా, మూడు దినములు 'సంబంధము కుదరలేదు' అనియే చూపినది. వాఁడు విసిగి పని మానఁబోయెను. సర్వరు మాత్రము ఆ కంప్యూటరులోనే నడచుచుండెను!

దోషము వ్యాకరణమువంటిది. 127.0.0.1 అను సంఖ్య 'నేను' అను సర్వనామము. ఎవరు పలికిన వారికే చెల్లును. ఫోను పలికినచో ఫోనే యగును గాని కంప్యూటరు కాదు. కంప్యూటరును పిలుచుటకు 10.0.2.2 అని వ్రాయవలెను. అట్లు మార్పించితిని, లెక్కలు వచ్చినవి.

అంతర్జాలమందలి పేర్లే దొరకకున్నచో దోషము వేఱు. పేరును సంఖ్యగా మార్చు డి.ఎన్.ఎస్. సర్వరును ఎమ్యులేటరు ఆరంభమున గ్రహించును. నడుమ వైఫై మారిన, పాతదానినే పట్టుకొని యుండవచ్చును. అప్పుడు దానిని పూర్తిగా ఆపి మరల నడిపి చూడుఁడు.