నాలందా మహావిహారము: నానాదేశ విద్యార్థుల సహవాసము

నాలందా మహావిహారమును గుఱించి వ్రాయువారు సాధారణముగా మొదట పేర్కొనునది అచ్చటి విద్యార్థుల సంఖ్య. 10,000 మంది యచ్చట చదువుచుండిరని పాఠశాలా గ్రంథములందును ఉపన్యాసములందును వినబడుచుండును. ఈ సంఖ్య యెచ్చటనుండి వచ్చినదో విచారించుట యావశ్యకము. అంతకంటె నావశ్యకమైనది వేఱొకటి కలదు. భిన్నదేశీయులును, భిన్నసిద్ధాంతులును, భిన్నోద్దేశములు గలవారును ఒక్క విద్యాస్థానమున నెట్లు కలసి జీవించిరి? నాలందయొక్క మహత్త్వము మొదటి ప్రశ్నకంటె రెండవ ప్రశ్నకు వచ్చు సమాధానమునందే యెక్కువగా గోచరించును.

ఏడవ శతాబ్ది స్థితిని దెలుపు ముఖ్యాధారములు మూడు. మొదటిది, క్రీ. శ. 637 ప్రాంతమున నాలందను జేరి, శీలభద్రాచార్యుని సన్నిధిని యోగాచారశాస్త్రమును పఠించిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు రచించిన దేశవృత్తాంతము. రెండవది, ఆతని శిష్యుడు హుయిలీ వ్రాసిన గురుచరిత్రము. మూడవది, 675 మొదలు 685 వఱకు అచ్చట వసించిన ఇత్సింగుని గ్రంథములు. 10,000 అను సంఖ్య హుయిలీ గ్రంథమునందు గలదు. ఆతడు నాలందను స్వయముగా జూచినవాడు కాడు. పైగా విహారవాసులతోపాటు అచ్చట బసచేసిన పరదేశులను గూడ జేర్చి యా సంఖ్యను చెప్పెను. హ్యూన్‌త్సాంగు తన గ్రంథమున గొన్నివేలమంది యని మాత్రమే వ్రాసెను. ఇత్సింగు 3,000కు మించినవారని యొకచోటను, 3,500 అని మఱియొకచోటను చెప్పి, శాలలు 8, గదులు 300 అని వివరించెను. పదియేండ్లు కాపురమున్నవాని లెక్క కావున దీనినే ప్రమాణముగా గ్రహించుట యుక్తము. సంఖ్య తగ్గినంతమాత్రమున నాలందకు లోపమేమియు రాదు.

ఆ సమూహము ఏకవిధమైనది కాదు. మహాయానముతోపాటు బౌద్ధులలోని 18 నికాయముల గ్రంథములును, వేదములును, హేతువిద్యయు, శబ్దవిద్యయు, చికిత్సావిద్యయు, సాంఖ్యమును అచ్చట పఠింపబడుచుండెనని హుయిలీ వ్రాసెను. అనగా పరమతశాస్త్రము ఖండించుటకైనను ముందు చక్కగా చదువవలసినదే యను నియమము అచ్చట నాచరణయందుండెను. దూరదేశములనుండి వచ్చినవారు చీనీయులు మాత్రమే కారు. కొరియాలోని సిల్లా రాజ్యమునుండి వచ్చిన ఆర్యవర్మ యనునాతడు స్వదేశమునకు మరలవలెనని కోరియుండియు, 70 ఏండ్లు దాటిన వయస్సున నాలందయందే మరణించెను. ఆ దేశపువాడే యగు మఱియొక భిక్షువును అచ్చటనే కాలముచేసెను. విద్య కొఱకు వచ్చి తిరిగిపోలేనివారి కథలును ఈ విద్యాపీఠచరిత్రలో నొక భాగమే.

ఉద్దేశభేదమును గుఱించి ఇత్సింగు ఆర్యావర్తమందలి విహారముల నన్నింటిని దృష్టియందుంచుకొని యొక విశేషము చెప్పెను. భిక్షువులు కాదలచి బౌద్ధగ్రంథములను జదువు బాలురు మాణవులు. సన్న్యసింపవలెనను తలపు లేక లౌకికశాస్త్రములను మాత్రము నేర్చుకొనువారు బ్రహ్మచారులు. ఈ యుభయులును విహారమునందు వసింపవచ్చును గాని, భోజనవ్యయమును తామే భరింపవలెను. సంఘద్రవ్యము సంఘమునకు జెందినవారిదే. విద్య మాత్రము దానిని గోరివచ్చినవారిదని దీని తాత్పర్యము.

అయినను ప్రవేశము సులభము కాదు. పరదేశములనుండి శాస్త్రచర్చకై వచ్చినవారిని ద్వారముకడనే పాలకుడు కఠినప్రశ్నలతో బరీక్షించుచుండెననియు, పదుగురిలో నేడెనమండుగురు ఉత్తరము చెప్పలేక మరలిపోవుచుండిరనియు హ్యూన్‌త్సాంగు వ్రాసెను. ఈ పరీక్ష కఠినమేయైనను, వచ్చినవాడు ఏ దేశమువాడని గాక యేమి యెఱుగునని మాత్రమే యది విచారించెను. సంస్కృతభాష రానివానికి లోపల తావు లేకుండుట నిజమే. కాని యా భాషయే చీనీయునికిని, కొరియావానికిని, దాక్షిణాత్యునికిని పరస్పరసంభాషణకు సాధనమయ్యెను.

లోపలి దినచర్యను ఇత్సింగు సూక్ష్మముగా వర్ణించెను. ఏటేట వర్షావాసమునకు ముందు సంఘము సమావేశమై గదులను పంచియిచ్చుచుండెను. పెద్దలకు మంచి గదులు ముందుగా నిచ్చి, క్రమముగా చిన్నవారివఱకు వచ్చుచుండిరి. విహారసమీపమున పదికి మించిన గొప్ప తటాకములుండెను. ప్రతి యుదయమున ఘంట మ్రోగగానే ఒక్కొక్కప్పుడు నూఱుమందియు, ఒక్కొక్కప్పుడు వేయిమందియు స్నానవస్త్రములను గొని బయలుదేరుచుండిరి. కాలమును గొలుచుటకు తెలుగువారు గడియకుడుక యనునట్టి సాధనమే యుండెను: నీటిపై నుంచిన రాగిగిన్నె అడుగున సూదిమొన యంత రంధ్రముండును, గిన్నె మునిగినప్పుడెల్ల భేరి మ్రోగును. సాయంకాలవందనమునకు అందఱును ఒక్కచోట గూడుటకు స్థలము చాలదు. కావున స్తోత్రపాఠకు డొకడు పరిచారకులతో శాలనుండి శాలకు బోయి గానము చేయుచుండెను. ఇంతమంది ఒక క్రమమునకు లోబడుట దండనభయముచే గాక, ఘంటయు, భేరియు, వయఃక్రమమును అందఱకు సమానముగా వర్తించుటచేతనే సాధ్యమయ్యెనని తోచుచున్నది.

ఈ జీవనమునకు మూలధనము గ్రామములు. హ్యూన్‌త్సాంగు కాలమున సుమారు 100 గ్రామముల యాదాయము విహారమునకు జెందియుండెను. 200 గృహస్థులు నిత్యము బియ్యమును, నేతిని, పాలను కొనివచ్చుచుండిరి. ఇత్సింగు కాలమునకు గ్రామములు 200కు మించెను. హ్యూన్‌త్సాంగునకు అతిథిసత్కారముగా దినమునకు పోకలు 20, జాజికాయలు 20, మగధయందు మాత్రమే పండు మహాశాలి బియ్యము ఒక కొలతయు లభించుచుండెను. అన్నవస్త్రములకై యాచింపనవసరము లేకుండుటయే విద్యాపరిపూర్ణతకు కారణమని హుయిలీ స్పష్టముగా జెప్పెను. శాస్త్రవాదములు మిగిలినవి గాని, ఆ బియ్యము పండించిన కర్షకుల పేరొక్కటియు నీ వృత్తాంతములలో మిగులలేదు. తొమ్మిదవ శతాబ్దిలో సువర్ణద్వీపరాజగు బాలపుత్రదేవుడు నాలందయందొక విహారమును గట్టించి, దాని పోషణకై పాలరాజగు దేవపాలుని ప్రార్థించి ఐదు గ్రామములను దానముగా నిప్పించెను. 1921లో లభించిన తామ్రశాసనము ఆ దానమునకు భిక్షువుల యన్నవస్త్రములు, రోగులకు ఔషధములు, గ్రంథముల లేఖనము, శిథిలములను బాగుచేయుట ప్రయోజనములని తెలుపుచున్నది. సముద్రమునకావలి రాజును మగధగ్రామముల పంటయు ఒక్క పుస్తకలేఖనకార్యమున గలసికొనుట ఇచ్చట గమనింపదగినది.

ఈ సహవాసము విహారద్వారముతో ముగియలేదు. హ్యూన్‌త్సాంగు దక్షిణయాత్రలో ఆంధ్రదేశమున ధాన్యకటకమునకు వచ్చి, కొన్ని నెలలు నిలిచి, ఇద్దఱు భిక్షువులయొద్ద మహాసాంఘికుల యభిధర్మమును జదివెను. వారాతనియొద్ద మహాయానశాస్త్రములను జదివిరి. నాలందలో నేర్చినవాడు కృష్ణాతీరమున గురువును శిష్యుడును తానే యయ్యెను. స్వదేశమునకు మరలిన పిదప, మహాబోధివిహారమునుండి హీనయానపక్షపాతి యగు ప్రజ్ఞాదేవుడు ఆతనికి లేఖతో రెండు తెల్లని వస్త్రములను బంపెను. కన్యాకుబ్జమున వారిరువురును తీవ్రముగా వాదించినవారే. 654లో హ్యూన్‌త్సాంగు ప్రత్యుత్తరమిచ్చుచు, నాలందయందలి జ్ఞానప్రభునకును ఒక లేఖ వ్రాసి, శీలభద్రుని మరణమునకు దుఃఖించి, సింధునదిని దాటునప్పుడు పోయిన గ్రంథములను మరల బంపుమని కోరెను.

సంఖ్యకును విద్యాపీఠమునకును గల సంబంధమును దెలుపు తుది సాక్ష్యము టిబెట్టునుండి వచ్చినది. 1235 ప్రాంతమున ధర్మస్వామి యను టిబెట్టు విద్యార్థి నాలందకు వచ్చెను. విహారములు చాలవఱకు శిథిలములై యుండెను. అయినను 90 ఏండ్లు దాటిన రాహులశ్రీభద్రుడు 70 మంది శిష్యులకు వ్యాకరణము చెప్పుచుండెను. తురుష్కసైనికులు వచ్చుచున్నారను వార్త విని అందఱును పాఱిపోయిరి. నడువలేని వృద్ధగురువు తన్ను విడిచి పొమ్మని శిష్యుని ఆజ్ఞాపించెను. పరదేశీయుడగు నా శిష్యుడు పోక, గురువును భుజములపై నెత్తుకొని, కొంచెము బియ్యమును, బెల్లమును, కొన్ని పుస్తకములను గైకొని, సమీపమందలి యాలయమున దాగెను. సైనికులు వచ్చి వెదకి పోయిన పిదప పాఠము మరల సాగెను. ఈ వృత్తాంతము 1959లో పాట్నాయందు ప్రకటింపబడిన ధర్మస్వామి చరిత్రమున గలదు.

హుయిలీ చెప్పిన 10,000 నుండి ధర్మస్వామి చూచిన 70 వఱకు నాలంద సంఖ్యలో క్షీణించెను. ఇత్సింగు వర్ణించిన తటాకములును, శాలలును, గ్రామాదాయములును తుదిదినములలో నక్కఱకు రాలేదు. దూరదేశపు శిష్యుడొకడు గురువునకు తోడు నిలుచుట యను సంబంధము మాత్రము నిలిచెను. విద్యాస్థానముల గొప్పతనమును పట్టికలలోని యంకెలతో గొలుచువారు ఈ రెండవ కొలతను గూడ దృష్టియందుంచుకొనుట యుచితము.