ఆట వెనుక యంత్రం: డూమ్ నుంచి అన్‌రియల్ దాకా

తెరపై దృశ్యాన్ని గీయడం, వస్తువులు ఢీకొన్నప్పుడు జరగవలసినది లెక్కగట్టడం, శబ్దాలు వినిపించడం వంటి, దాదాపు ప్రతి వీడియోగేమ్‌కూ అవసరమయ్యే పనులను ఒకచోట కూర్చిన సాఫ్ట్‌వేర్‌ను గేమ్ ఇంజిన్ అంటారు. ఈ మాట వాడుకలో స్థిరపడడానికి 1993లో ఇడ్ సాఫ్ట్‌వేర్ విడుదల చేసిన ‘డూమ్’ ముఖ్య కారణం; జాన్ కార్మాక్ ప్రధానంగా రూపొందించిన ఆ ఇంజిన్ ఒకవైపు, గదుల పటాలు, బొమ్మలు, శబ్దాలు ‘వాడ్’ అనే ఫైళ్లలో మరొకవైపు ఉన్నందున, ప్రోగ్రాము జోలికి పోకుండానే అభిమానులు కొత్త ఆటస్థలాలు కల్పించుకోగలిగారు. ఏ గోడ ముందుందో, ఏది వెనుకుందో ఆట నడుస్తుండగా ప్రతిసారీ మొదటినుంచి లెక్కించే భారం తప్పించడానికి, పటాన్ని ముందే ముక్కలుగా విభజించి చెట్టు కొమ్మల్లా అమర్చే బైనరీ స్పేస్ పార్టిషనింగ్ అనే పద్ధతిని కార్మాక్ వాడాడు. అది ఆయన కనిపెట్టినది కాదు, అంతకుముందే పరిశోధన పత్రాల్లో ఉన్నదే, కానీ దాని విలువను సాధారణ కంప్యూటర్లపై చూపించిన ఘనత మాత్రం ఆయనది.

ఇడ్ వారిదే అయిన 1996 నాటి ‘క్వేక్’ ఇంజిన్‌ను వాల్వ్ సంస్థ లైసెన్సుపై తీసుకొని, బాగా మార్చి, 1998లో ‘హాఫ్ లైఫ్’ను తెచ్చింది. అదే ఏడాది ఎపిక్ గేమ్స్ వారి ‘అన్‌రియల్’ ఆటతో బయల్దేరిన, టిమ్ స్వీనీ ఆద్యుడైన అదే పేరుగల ఇంజిన్ నేడు సినిమా చిత్రీకరణలోనూ నేపథ్య దృశ్యాలను సృష్టిస్తోంది. 2005లో వచ్చిన యూనిటీ చిన్న బృందాలకు, మొబైల్ ఆటలకు దారి తెరిచింది. ‘పోకెమాన్ గో’ దానితో చేసినదే. నేటి సామర్థ్యంలో అన్‌రియల్‌దే పైచేయి అయినా, ప్రభావంలో పెద్దపీట డూమ్, క్వేక్‌లకే దక్కాలి. ఎందుకంటే వాటిపై ఇతరులు తమ ఆటలు కట్టుకోగలిగారు; డూమ్ మూల ప్రోగ్రామునైతే ఇడ్ 1997లోనే అందరికీ బయటపెట్టింది.