డాలస్ చుట్టుపక్కల ఊళ్లకు పొత్తు ఎలా కుదురుతుంది?

అమెరికాలోని ఫ్రిస్కోలో కొడుకు ఇంటికి వెళ్లిన తండ్రికి నాలుగు రోజుల్లోనే ఓ సందేహం వస్తుంది. డాలస్‌లో రైళ్లున్నాయి, బస్సులున్నాయి. ఇక్కడికెందుకు రావు? అదే ఆరు వరసల రోడ్డయితే ఊరు మారినట్టు కూడా తెలియకుండా సాగిపోతుందే!

రైలు ఎందుకు రాదు?

జవాబు షాపు బిల్లులో ఉంది. వంద డాలర్ల బట్టలు కొంటే 8.25 డాలర్ల అమ్మకపు పన్ను పడుతుంది. అందులో 6.25 టెక్సస్ రాష్ట్రానివి. స్థానిక సంస్థలకు మిగిలేది 2 డాలర్లు. అంతకుమించి వేయడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. రిచర్డ్‌సన్ నగరంలో ఆ రెండింట్లో ఒకటి నగరపాలక సంస్థకు, ఒకటి ‘డార్ట్’కు వెళ్తుంది. డార్ట్ అంటే 1983లో ఓటర్ల ఆమోదంతో ఏర్పడిన డాలస్ ప్రాంత రవాణా సంస్థ. ఫ్రిస్కోలోనూ ఒక డాలరు నగరానికే. రెండోదాన్ని మాత్రం రెండు అభివృద్ధి కార్పొరేషన్లు చెరి సగం పంచుకుంటాయి. డార్ట్‌లో చేరాలంటే వాటి వాటాకు కోత పెట్టాలి. అందుకు ఊరు సిద్ధపడలేదు. చేరిన ఊళ్లన్నీ సంతోషంగా ఉన్నాయనీ కాదు. కట్టే పన్నుకు తగ్గ సేవ అందడం లేదని కొన్ని సభ్య నగరాలు గొణుగుతూనే ఉన్నాయి.

మరి రోడ్లు పొలిమేరలో ఆగిపోవేం?

పెద్ద రోడ్లకు కేంద్రం డబ్బు కావాలి కనుక. జనాభా 50 వేలు దాటిన పట్టణ ప్రాంతాల్లో ఆ నిధులు రావాలంటే రాష్ట్రమూ స్థానిక ప్రభుత్వాలూ కలిసి ప్రణాళిక వేసుకోవాలని 1962లో అమెరికా చట్టం చేసింది. ఇక్కడ ఆ పని చూసేది 1966లో పుట్టిన ఉత్తర మధ్య టెక్సస్ స్థానిక ప్రభుత్వాల మండలి. దాని పరిధి 16 కౌంటీలు, రవాణా ప్రణాళిక వరకు 12. సభ్యత్వం ఎవరి ఇష్టం వారిది. కార్యాలయం డాలస్‌లోనూ కాదు, ఫోర్ట్‌వర్త్‌లోనూ కాదు, రెండింటికీ నడుమనున్న ఆర్లింగ్‌టన్‌లో.

అక్కడ ఏం తేలుస్తారు?

మేయర్లు, కౌంటీ కమిషనర్లు, రవాణా సంస్థలవాళ్లు, రాష్ట్ర రహదారుల అధికారులు కూర్చుని రెండు పత్రాలు ఖరారు చేస్తారు. ఒకటి కనీసం ఇరవై ఏళ్ల ముందుచూపుతో వేసే ప్రణాళిక. రెండోది రాబోయే నాలుగేళ్ల పనుల జాబితా. జాబితాకెక్కని పనికి కేంద్రం నుంచి డాలరు రాదు. పైగా కోరికలన్నీ రాసేసుకుంటే కుదరదు, రాబడి అంచనాలోనే ఖర్చు ఇమడాలి. ఇంకో మెలిక కూడా ఉంది. ఈ ప్రాంతపు గాలిలో ఓజోన్ ప్రమాణాలకు మించి ఉంటోంది. వాహనాల పొగ పరిమితి దాటదని ప్రణాళికలో లెక్కతో చూపాలి. చూపలేకపోతే కొత్త రోడ్ల పనులు ఏ ఒక్క ఊరికో కాదు, ప్రాంతమంతటా చిక్కుల్లో పడతాయి.

పోటీపడే ఊళ్లు నిజంగా కలుస్తాయా?

డాలస్, ఫోర్ట్‌వర్త్‌ల పోరు పేరుమోసింది. ఫోర్ట్‌వర్త్ పత్రికాధిపతి ఏమన్ కార్టర్ డాలస్‌కు వెళ్లాల్సి వస్తే అక్కడ ఒక్క సెంటు ఖర్చు పెట్టకూడదని ఇంటి నుంచే భోజనం కట్టించుకెళ్లేవాడని చెబుతారు. విమానాశ్రయాలూ ఎవరివి వారివే. రెండింటికీ డబ్బు పోయడం కేంద్రానికి నచ్చలేదు. ఉమ్మడి విమానాశ్రయానికి చోటు తేల్చుకోండని 1964లో పౌర విమానయాన బోర్డు గడువు పెట్టింది. అలా రెండు నగరాల మధ్య 1974లో తెరుచుకున్నదే డీఎఫ్‌డబ్ల్యూ. దాని పాలక మండలిలో ఓటున్న 11 మందిలో ఏడుగురు డాలస్ తరఫు, నలుగురు ఫోర్ట్‌వర్త్ తరఫు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లకు వంతులవారీగా ఒక కుర్చీ ఉంది కానీ దానికి ఓటు లేదు. తర్వాత ఈ రెండు నగరాలే 1983లో పాత రైలు దారిని కలిసి కొన్నాయి. ఇప్పుడు వాటి నడుమ ట్రినిటీ రైల్వే ఎక్స్‌ప్రెస్ నడిచేది దాని మీదే.

స్థానిక ప్రభుత్వాల మండలి చేతిలో లేనిదేమిటి?

ఇళ్ల అనుమతులు. ఎక్కడ కాలనీ లేవాలో, ఎక్కడ మాల్ కట్టాలో ఏ నగరానికి ఆ నగరమే నిర్ణయించుకుంటుంది. ఒక ఊరు వేల ఇళ్లకు సరేనంటే ఆ కార్లు పక్క ఊరి రోడ్డెక్కుతాయి. ఆ రద్దీని లెక్కగట్టి రోడ్డుకు ఇంకో వరస కలపమనగలదే తప్ప, ఇళ్లు ఆపమని చెప్పే అధికారం మండలికి లేదు. కలిసి వస్తేనే డబ్బన్న షరతు రోడ్లకు ఉంది, విమానాశ్రయానికీ ఉండేది. ఇళ్లకు లేదు. అక్కడ ఎవరి దారి వారిదే.