కొత్త టీకాకు చెయ్యి చాపేముందు

2021 జనవరి 16న దేశమంతటా కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. మొదటి వరసలో ఆసుపత్రి సిబ్బంది ఉన్నారు: డాక్టర్లు, నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు, ఆశా కార్యకర్తలు. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన కోవిషీల్డ్ అందినవారు నేరుగా సూది వేయించుకున్నారు. హైదరాబాద్ భారత్ బయోటెక్ వారి కోవాగ్జిన్ అందినవారు మాత్రం ముందుగా ఒక సమ్మతి పత్రం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. ఈ టీకా జబ్బును ఎంతవరకు ఆపుతుందో ఇంకా నిర్ధారణ కాలేదనీ, మూడో దశ ప్రయోగాలు నడుస్తున్నాయనీ, టీకా వేసుకున్నా మిగతా జాగ్రత్తలు మానకూడదనీ అందులో ఉంది. తీవ్రమైన దుష్ప్రభావం వస్తే వైద్యం చేయిస్తామనీ, అది టీకావల్లేనని తేలితే కంపెనీ పరిహారం ఇస్తుందనీ హామీ ఉంది. వారం రోజులపాటు జ్వరం, నొప్పి, సూది గుచ్చిన చోట ఎరుపు వంటివి రాసుకోవడానికి మరో కాగితం చేతికిచ్చారు.

ఆ రోజే ఢిల్లీలోని రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్లు తమకు కోవాగ్జిన్ బదులు కోవిషీల్డ్ ఇవ్వమని ఉత్తరం రాశారు. ప్రయోగాలు పూర్తికాని టీకా అంటే సంకోచంగా ఉందన్నారు. వాళ్ళు టీకాలను నమ్మనివాళ్ళు కారు, జబ్బును తేలిగ్గా తీసుకున్నవాళ్ళూ కారు. రోజూ కోవిడ్ రోగుల మధ్య తిరిగేవాళ్ళు. మహమ్మారి నడుమ కొత్తగా వచ్చిన టీకా వేసుకోవాలా వద్దా అన్నది తెలివితక్కువ ప్రశ్న కాదని చెప్పడానికి ఈ ఒక్క ఉత్తరం చాలు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడం ఎలాగో తెలుసుకోవడం మనందరికీ అవసరం.

ఏడాదిలో ఎలా వచ్చింది?

టీకా తయారీకి పదేళ్ళు పడుతుందని వింటూ వచ్చినవారికి ఏడాదిలో వచ్చిన టీకాను చూస్తే అనుమానం రావడం సహజం. ఆ పదేళ్ళలో ఎక్కువ కాలం ప్రయోగాలకు పోదు. డబ్బు కోసం, అనుమతుల కోసం, వలంటీర్ల కోసం ఎదురుచూడడానికి పోతుంది. 2020లో ఆ ఎదురుచూపు తగ్గింది. టీకా పనిచేస్తుందో లేదో తేలకముందే ప్రభుత్వాలూ కంపెనీలూ డబ్బు పెట్టి డోసులు తయారుచేసి పెట్టుకున్నాయి. విఫలమైతే పారబోయడానికి సిద్ధపడ్డాయి. ఒక దశ పూర్తిగా ముగిసేదాకా ఆగకుండా తర్వాతి దశకు ఏర్పాట్లు మొదలుపెట్టాయి.

కోవాగ్జిన్ విషయంలో పద్ధతి కూడా పాతదే. పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరుచేసిన వైరస్‌ను పెంచి, రసాయనంతో చంపి, ఆ మృత వైరస్‌ను శరీరానికి చూపించడం దాని కిటుకు. 1955లో అమెరికాలో అనుమతి పొందిన సాల్క్ పోలియో టీకా కూడా చంపిన వైరస్‌తో చేసిందే.

మూడో కారణం వింటే వింతగా ఉంటుంది: జబ్బు విచ్చలవిడిగా ఉండడమే ప్రయోగాన్ని తొందరగా ముగించింది. మూడో దశలో వలంటీర్లను చీటీలు వేసినట్టు రెండు గుంపులుగా విడదీస్తారు. ఒక గుంపుకు టీకా, రెండో గుంపుకు మందులేని సూది. ఎవరికి ఏది పడిందో వాళ్ళకూ తెలియదు, సూది వేసినవాళ్ళకూ తెలియదు. తర్వాత ఎవరికి జబ్బు వస్తుందా అని కాచుకుని కూర్చుంటారు. ముందే అనుకున్నంతమందికి జబ్బు వచ్చాకే లెక్క విప్పుతారు. అరుదైన జబ్బయితే ఆ సంఖ్య నిండడానికి ఏళ్ళు పడుతుంది. కోవిడ్‌కు నెలలు సరిపోయాయి.

కోవాగ్జిన్ ప్రయోగంలో సుమారు 25,800 మంది పాల్గొన్నారు. చివరి లెక్కలో లక్షణాలతో జబ్బుపడినవారు 130 మంది. వారిలో మందులేని సూది పడినవారు 106 మంది, టీకా పడినవారు 24 మంది. ఈ తేడానే 77.8 శాతం సామర్థ్యం అంటున్నాం. టీకా వేసుకున్న ప్రతి వందమందిలో 22 మందికి జబ్బు వస్తుందని దీని అర్థం కాదు. టీకా లేకుంటే జబ్బుపడేవారు వందమంది ఉంటే, టీకాతో ఆ సంఖ్య 22 దగ్గర ఆగుతుందని అర్థం.

అయితే ఈ ఫలితాలు లాన్సెట్ పత్రికలో వచ్చింది 2021 నవంబరులో. తొలి మధ్యంతర ఫలితం బయటికి వచ్చింది మార్చి 3న. అనుమతి వచ్చింది మాత్రం జనవరి 3న. అంతకుముందు 2020 జులైలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఆసుపత్రులకు రాసిన ఉత్తరంలో ఆగస్టు 15 నాటికి టీకా తెచ్చే లక్ష్యం కనిపించి పెద్ద దుమారం రేగింది. తర్వాతి అంకెలు టీకా మేలైనదేనని చెప్పాయి. కానీ జనవరిలో సంతకం పెట్టమన్న రోజున ఆ అంకెలు లేవు. సంకోచించిన డాక్టర్ల అభ్యంతరం అదే.

తనమీద తానే

అంకెలు లేనప్పుడు ధైర్యం చూపినవాళ్ళు చరిత్రలో ఉన్నారు. 1896లో బొంబాయిని ప్లేగు కమ్మేసినప్పుడు వాల్డెమార్ హాఫ్కిన్ అనే శాస్త్రవేత్త కొద్ది నెలల్లోనే టీకా తయారుచేశాడు. 1897 జనవరి 10న ముందుగా తనకే వేసుకున్నాడు. అది గొప్ప సాహసం. కానీ ఒక్క మనిషి బతికి బయటపడితే టీకా పనిచేస్తుందని రుజువైనట్టు కాదు. అసలు రుజువు తర్వాత బైకుల్లా జైల్లో మొదలైంది. అక్కడ ముందుకొచ్చిన ఖైదీలకు టీకా వేసి, వేసుకున్నవారినీ వేసుకోనివారినీ పోల్చి చూశారు.

2021 మార్చి 1న ప్రధాని మోదీ కెమెరాల ముందు కోవాగ్జిన్ వేయించుకోవడం చూసి చాలామంది ధైర్యం తెచ్చుకున్నారు. అది మంచిదే. మధ్యంతర ఫలితం బయటికి రావడానికి అప్పటికింకా రెండు రోజులుంది. నాయకుడి చెయ్యి భరోసా ఇవ్వగలదు. సాక్ష్యం ఇవ్వగలిగింది పోలిక ఒక్కటే.

హాఫ్కిన్ కథలో రెండో పాఠం కూడా ఉంది. 1902లో పంజాబులోని ముల్కోవాల్ అనే ఊళ్ళో 107 మందికి ప్లేగు టీకా వేస్తే, ఒకే సీసాలోది పడిన 19 మంది ధనుర్వాతంతో చనిపోయారు. నింద హాఫ్కిన్ మీద పడింది. సీసా ఆ ఊళ్ళో తెరిచేటప్పుడు కలుషితమైందని తేలి, ఆయన నిర్దోషిగా బయటపడడానికి ఏళ్ళు పట్టింది. టీకా సూత్రం ఎంత సరైనదైనా సీసా నుంచి సూది దాకా ప్రతి మెట్టూ శుభ్రంగా ఉండాలి. జరిగిన పొరపాటును దాచకుండా విచారించే వ్యవస్థ ఉండాలి.

ప్రయోగం చూడలేనిది

అన్నం ఉడికిందా లేదా అన్నది ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలిసిపోతుంది. అన్నంలో రాయి ఉందా అన్నది మాత్రం అలా తేలదు. టీకా పనిచేస్తుందా అన్నది మొదటి ప్రశ్న లాంటిది. అరుదైన ప్రమాదం ఏమైనా ఉందా అన్నది రెండోది.

దీనికి గణాంకశాస్త్రంలో ఒక సులువైన సూత్రం ఉంది. కొంతమందికి టీకా వేస్తే ఒక ప్రమాదం ఒక్కరిలోనూ కనిపించలేదనుకోండి. ఆ సంఖ్యను మూడుతో భాగించండి. అసలు ప్రమాదం అంతమందిలో ఒకరికి మించి ఉండదని 95 శాతం నమ్మకంతో చెప్పవచ్చు. కోవాగ్జిన్ ప్రయోగంలో టీకా గుంపు సుమారు 12,900 మంది. మూడుతో భాగిస్తే 4,300. అంటే ప్రతి 4,300 మందిలో ఒకరికి వచ్చే ప్రమాదాన్ని ఆ ప్రయోగం పట్టుకోగలదు. లక్షలో ఒకరికి వచ్చేది దాని కంటికి ఆనదు.

సరిగ్గా అదే జరిగింది, వేరే టీకాతో. ఆక్స్‌ఫర్డ్-ఆస్ట్రాజెనెకా టీకాను, అంటే మన కోవిషీల్డ్‌ను, యూరప్‌లో కోట్లమందికి వేశాక 2021 మార్చిలో కొందరిలో విచిత్రమైన సమస్య బయటపడింది. రక్తం గడ్డకడుతోంది, మరోపక్క గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు తగ్గిపోతున్నాయి. బ్రిటన్ తొలి లెక్క ప్రకారం పది లక్షలమందిలో సుమారు నలుగురికి. మన దేశంలో నిపుణుల కమిటీ ఆ మేలో చెప్పిన అంకె పది లక్షల డోసులకు 0.61.

ఏళ్ళ తర్వాత ఏమవుతుందోనన్న భయానికి మాత్రం చరిత్రలో ఆధారం తక్కువ. టీకాల తీవ్ర దుష్ప్రభావాలు దాదాపు ఎప్పుడూ సూది పడిన రెండు నెలలలోపే కనిపించాయి. అందుకే చివరి డోసు తర్వాత సగంమంది వలంటీర్లనైనా కనీసం రెండు నెలలు గమనించాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ షరతు పెట్టింది.

ఒకే టీకా, వేర్వేరు జవాబులు

టీకా వేసుకోకపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికీ ప్రమాదం ఉంది. టీకాలు రాకముందు సంపన్న దేశాల సమాచారంతో వేసిన అంచనా ప్రకారం కోవిడ్ సోకిన 25 ఏళ్ళవారిలో పదివేలకు ఒకరు చనిపోతే, 65 ఏళ్ళవారిలో వెయ్యికి 14 మంది చనిపోయారు. నూట నలభై రెట్ల తేడా. అందరికీ ఒకే సలహా చెప్పడం కుదరదు.

2021 ఏప్రిల్‌లో కేంబ్రిడ్జిలోని వింటన్ కేంద్రం బ్రిటన్ ప్రజల కోసం ఒక పట్టిక ప్రచురించింది. ఒక పక్క ఆస్ట్రాజెనెకా టీకా 16 వారాల్లో ఎందరిని ఐసీయూలో చేరకుండా ఆపుతుందో, మరో పక్క రక్తం గడ్డలవల్ల ఎందరికి తీవ్రహాని కలగవచ్చో లక్షకు లెక్కగట్టింది. జబ్బు వ్యాప్తి తక్కువగా ఉన్నప్పుడు 60 నుంచి 69 ఏళ్ళవారిలో మేలు 14.1, హాని 0.2. ఇంకో మాట అక్కర్లేదు. అదే పరిస్థితిలో 20 నుంచి 29 ఏళ్ళవారికి మేలు 0.8, హాని 1.1. తూకం హాని వైపు మొగ్గింది. ఆ యువకులకే, జబ్బు ఉధృతంగా ఉన్న రోజుల్లో మేలు 6.9కి చేరింది, హాని 1.1 దగ్గరే ఉంది. బ్రిటన్‌లో అప్పటికి వ్యాప్తి తగ్గింది, వేరే టీకాలూ ఉన్నాయి. కాబట్టి 30 ఏళ్ళలోపువారికి మరో టీకా ఇమ్మన్నారు. అదే ఏప్రిల్, మే నెలల్లో డెల్టా రకం మనల్ని ముంచెత్తింది. మంచం దొరకని, ఆక్సిజన్ దొరకని ఆ రోజుల్లో ఇక్కడ తూకం పూర్తిగా వేరు.

అందుకే జనవరిలో సంకోచించిన వ్యక్తి మేలో క్యూలో నిలబడితే మాట మార్చాడని అనకూడదు. కొత్త సమాచారం వచ్చింది, ప్రమాదం గడప దాకా వచ్చింది, నిర్ణయం మారింది. ఆలోచించే మనిషి చేసే పనే అది. జనవరి సంకోచాన్నే ఎన్ని అంకెలు వచ్చినా పట్టుకుని వేలాడడం అసలు పొరపాటు.

ఏ అంకెలూ లేనివాళ్ళూ ఉన్నారు. తొలి ప్రయోగాల్లో గర్భిణులను చేర్చుకోలేదు. మన దేశంలో వారికి టీకా అనుమతి 2021 జులై 2న గానీ రాలేదు. రెండో వేవ్‌లో వేసుకోవాలా వద్దా అని అడిగిన గర్భిణికి చెప్పడానికి ఎవరి దగ్గరా సరైన జవాబు లేదు. ఆ తప్పు ఆమెది కాదు.

ఈసారి వస్తే

మరో మహమ్మారి వస్తే నూరు రోజుల్లో టీకా తేవాలన్నది సెపీ అనే అంతర్జాతీయ కూటమి పెట్టుకున్న లక్ష్యం. అది నెరవేరితే ప్రాణాలు నిలుస్తాయి, నిజమే. దాంతోపాటు అనుమానాలూ పెరుగుతాయి. అప్పుడు మనం అడగవలసిన ప్రశ్నలు ఇప్పుడే నోటికి వచ్చి ఉండాలి: ప్రయోగంలో ఎందరున్నారు? రెండు గుంపుల్లో ఎందరెందరికి జబ్బు వచ్చింది? నా వయసువాళ్ళు, నాలాంటి జబ్బులున్నవాళ్ళు అందులో ఉన్నారా? ఎన్నాళ్ళు గమనించారు? వేసుకోకపోతే ఇవాళ మా ఊళ్ళో నాకున్న ప్రమాదం ఎంత? ఏదైనా జరిగితే ఎక్కడ చెప్పుకోవాలి, ఎవరు విచారిస్తారు?

వీటికి జవాబులు దొరికినప్పుడు పెద్దవయసువారు, షుగర్, గుండెజబ్బులు ఉన్నవారు, రోగుల దగ్గర పనిచేసేవారు వెనకాడడానికి కారణాలు చాలా తక్కువ ఉంటాయి. వాళ్ళ ఇంటివాళ్ళమైన మనమే దగ్గరుండి తీసుకెళ్ళాలి. ఇక జవాబులు ఇవ్వవలసినవారికి ఒక బాధ్యత ఉంది. నూరు రోజుల్లో టీకా తయారుచేయగలిగినవారు ఫలితాలను కూడా అంతే వేగంగా, అందరికీ అర్థమయ్యే భాషలో బయటపెట్టాలి. దుష్ప్రభావాల విచారణను నెలల తరబడి సాగదీయకూడదు, నష్టపోయినవారిని కోర్టుల చుట్టూ తిప్పకూడదు. ప్రజలు చెయ్యి చాపాలని కోరుకునే ప్రభుత్వం, ముందు తన దగ్గరున్న లెక్కల పుస్తకం వాళ్ళ ముందు తెరిచి పెట్టాలి.