దూరదేశ విద్య - రైతు పెట్టుబడి

మన కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల రైతు బిడ్డలు నేడు హైదరాబాదు దాటి అమెరికా, జర్మనీ, ఆస్ట్రేలియా దేశములలో విద్య నభ్యసించుచున్నారు. బిడ్డను పంపవలెనను కోరిక యొక ప్రక్క, పట్టాభూమి తాకట్టు పడునను భయ మొక ప్రక్క తల్లిదండ్రులను పీడించుచున్నవి. ఈ విషయమున మా సభ్యులకు ఉపకరించు కొన్ని సంగతులను ఇచ్చట వివరింపదలచితిమి.

దూరదేశపు చదువు మనకు క్రొత్తది గాదు. మన సహకార సంఘమే యొక విధముగా అట్టి చదువునకు ఫలము. 1892లో మద్రాసు ప్రభుత్వమువారు ఫ్రెడరిక్ నికల్సన్ అను ఉద్యోగిని, రైతులకు ఋణ మిచ్చు పద్ధతులను తెలిసికొని రమ్మని ఐరోపాకు పంపిరి. జర్మనీలో రైఫైజన్ స్థాపించిన గ్రామ పరపతి సంఘములను గూర్చి ఆయన 1895లో నివేదిక వెలువరించెను. 1904లో పరపతి సంఘముల చట్టము వచ్చుటకు ఆ నివేదిక తోడ్పడినది. పూర్వపు కరీంనగరు జిల్లాలో 1956లో వెలసిన ముల్కనూరు సంఘమును చూచినవారికి, ఆ విత్తనము మన నేలలో ఎట్లు పండినదో వేరుగా చెప్పనక్కరలేదు.

మన జిల్లాలోనే 1929లో జన్మించిన ఆర్థికశాస్త్రజ్ఞులు చెన్నమనేని హనుమంతరావుగారు 1966-67లో అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిరి. క్రొత్త విత్తనములు, యంత్రములవలన సేద్యమున కలుగు లాభము ఎవరికెంత దక్కుచున్నదను ప్రశ్నను విచారించు వారి గ్రంథము 1975లో వెలువడినది. 1982లో వారు ప్రణాళికా సంఘ సభ్యులైరి. చదివినది ఎచ్చటనైనను, వారి విచారణ మన చేను విడువలేదు.

ఇక నేటి విద్యార్థి సంగతి. అచ్చట సంవత్సరమును సెమిస్టరులుగా విభజింతురు. అమెరికాలో మొదటి సెమిస్టరు ఆగస్టు చివర ప్రారంభమై డిసెంబరు నడుమ ముగియును. రెండవది జనవరి మొదలు మే వరకు సాగును. మన పత్తి పూతకు వచ్చు వేళ కళాశాలలో చేరిన విద్యార్థి, పత్తి ఏరుట ముగియకమునుపే పరీక్షలు వ్రాసి యుండును. మన కళాశాలలలోను సెమిస్టరు లున్నవి గాని, పరీక్షకు పదిదినములు ముందు చదివి గట్టెక్కు అలవాటు ఇంకను పోలేదు. అచ్చట అది చెల్లదు. వారము వారము వ్రాతపని యుండును. దానికిని మార్కులు గలవు. ఒకరి వ్రాతను తనదిగా చూపుట పెద్ద నేరము. అందువలన కళాశాలనుండి వెడలింపబడుటయు గలదు. గురువును ప్రశ్నించుట అవినయముగా నెంచరు. మౌనముగా కూర్చుండువాని తెలివి ఎవరికిని తెలియదు.

తరగతి వెలుపల కష్టములు వేరు. వంట, బట్టలు, గది శుభ్రము అన్నియు తానే చేసికొనవలెను. ఉత్తర జర్మనీలో డిసెంబరున సాయంకాలము నాలుగు గంటలకే ప్రొద్దు క్రుంకును. క్రొత్తగా వెళ్లినవానికి ఆ చీకటియు, ఒంటరితనమును మిక్కిలి భారముగా తోచును. ఐనను ఇంటికి ఫోను చేసినప్పుడు అంతయు బాగున్నదనియే చెప్పును. ఇక్కడి తండ్రియు ఎండిన చేను సంగతి దాచి, వానలు బాగున్నవనియే పలుకును. ఈ దాపరికము ఉభయులకును హానికరము. బిడ్డ నిబ్బరమును, ఇంటి అప్పును ఇరువురును ఉన్నదున్నట్లు తెలిసికొన్ననే మేలు.

ధనము సంగతి మరింత విచారింపదగినది. ఆగస్టులో రుసుము చెల్లింపవలసి వచ్చునప్పటికి రైతు సొమ్మంతయు వానాకాలపు పంటలో మట్టిపాలై యుండును. పత్తి, వరి పైకము దీపావళి తరువాత గాని చేతికి రాదు; పసుపు పైకము మాఘ ఫాల్గుణములకు గాని రాదు. ఆ నడుమ అధిక వడ్డీకి తెచ్చిన అప్పే అనేక గృహములను క్రుంగదీయును. కావున ముందు యాసంగి ధాన్యపు పైకమునుండియే కొంత సంఘమున డిపాజిటు చేసికొనుట మంచిది.

బ్యాంకు విద్యాఋణమున సాధారణముగా చదువు ముగిసిన యొక సంవత్సరమునకు గాని వాయిదాలు మొదలు కావు. వడ్డీ మాత్రము మొదటినుండియు పెరుగుచునే యుండును. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయములు పెక్కింట బోధనా రుసుము లేదు. కాని 2024 నాటి నిబంధన ప్రకారము సంవత్సరపు ఖర్చునకై 11,904 యూరోలు ముందుగానే చూపవలెను. అమెరికాలో తరగతులు జరుగు కాలమున విద్యార్థి వారమునకు 20 గంటలవరకు, అదియు కళాశాల ఆవరణలోనే, పని చేయవచ్చును. అనుమతి లేక బయట పని చేసినచో వీసాకే ముప్పు. కావున బిడ్డ అచ్చట సంపాదించి అప్పు తీర్చునని లెక్క వేసికొనరాదు. దళిత, గిరిజన విద్యార్థులకు అంబేద్కరు పేరను, వెనుకబడిన తరగతులవారికి జ్యోతిబా ఫూలే పేరను తెలంగాణ ప్రభుత్వము విదేశ విద్యానిధుల నేర్పరచినది. 20 లక్షల రూపాయలవరకు సాయము నిర్ణయింపబడినది. వీనికి ఆదాయ పరిమితియు, మార్కుల నియమమును గలవు. ఏజెంటు మాట వినుటకు ముందు జిల్లా సంక్షేమ కార్యాలయమున విచారింపుడు.

బిడ్డ ఏ విద్య చదువును, ఆ విద్యతో ఇచ్చట ఏ పని దొరకును, చదువు నడుమ నిలిచినచో అప్పు ఎట్లు తీరును - ఈ మూడు ప్రశ్నలకు జవాబు కాగితముమీద వ్రాసికొని పిమ్మట సంతకము చేయుడు. కుటుంబము బ్రతుకుటకు వలసినంత భూమిని ఎన్నడును తాకట్టు పెట్టకుడు.

సెలవులకు వచ్చిన విద్యార్థులను సంఘ సమావేశమునకు పిలువుడు. అచ్చటి రైతులు ధాన్యమును ఎట్లు నిలువ చేయుదురో, సరకును కలసి ఎట్లు విక్రయింతురో వారినోట విందము. మన గ్రామమున ఆచరింపదగిన దొక్కటి దొరకినను, ఆ చదువు ఊరికిని అక్కరకు వచ్చినట్లే.