మీకు తెలుసా? సూది కంటే గీతతోనే జాగ్రత్త!

పెంపుడు కుక్కకో పిల్లికో షుగర్ వచ్చిందని డాక్టర్ చెప్పగానే ఇంటిల్లిపాదికీ సూది భయం పట్టుకుంటుంది. రోజూ రెండు పూటలా ఇన్సులిన్ మనమే వేయాలా అని గాభరా. నిజానికి గుచ్చడం తొందరగానే చేతికి అలవాటవుతుంది. అసలు ప్రమాదం కొలతలో తేడా వస్తేనే!

● ఇన్సులిన్ కథ కుక్కలతోనే మొదలైంది. 1889లో మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగ్ అనే శాస్త్రవేత్తలు ఓ కుక్క క్లోమాన్ని తొలగిస్తే దానికి మధుమేహం వచ్చింది. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ క్లోమం నుంచి తీసిన రసాన్ని మధుమేహమున్న కుక్కలకు ఎక్కించి, రక్తంలో చక్కెర తగ్గడం గమనించారు. మనుషుల్లో తొలిసారిగా, మధుమేహమున్న 14 ఏళ్ల లెనార్డ్ థాంప్సన్‌కు ఆ మందు అందింది 1922 జనవరిలో.

● కుక్క ఇన్సులిన్, పంది ఇన్సులిన్ అమైనో ఆమ్లాల వరుసలో అచ్చంగా ఒకటే. అందుకే కుక్కల కోసం చేసే 'కానిన్సులిన్'ను పంది నుంచి తీస్తారు. పిల్లి ఇన్సులిన్ మాత్రం ఆవు ఇన్సులిన్‌కు దగ్గర. రెంటికీ తేడా ఒకే ఒక్క అమైనో ఆమ్లం!

● మన మందుల షాపుల్లో మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్, 100 యూనిట్ల ఇన్సులిన్ రెండూ దొరుకుతాయి. దేని సిరంజి దానిదే. సాధారణంగా 40కి ఎర్ర మూత, 100కి నారింజ మూత ఉంటుంది. 40 సిరంజిలో 4వ గీత వరకు 100 యూనిట్ల మందు లాగితే లోపలికి వెళ్లేది 4 కాదు, 10 యూనిట్లు. అంటే రెండున్నర రెట్లు! చిన్న పిల్లికి అది ప్రాణాపాయం. మూత రంగు చూసి సరిపెట్టుకోకండి, సీసా మీదా సిరంజి మీదా అంకెలు కలిశాయో లేదో చదవండి.

● సూది వేసేది కండలోకి కాదు, చర్మం కిందికి. ఒంటి పక్కన వదులుగా ఉన్న చర్మాన్ని రెండు వేళ్లతో చిన్న గుడారంలా పైకెత్తి, దాని మొదట్లో సూదిని పోనివ్వాలి. మరీ లోతుగా నెడితే అవతలి వైపు నుంచి బయటికొచ్చి మందు బొచ్చు పాలవుతుంది. రోజూ ఒకే చోట వేయకుండా చోటు మారుస్తుండాలి.

● చాలా రకాల ఇన్సులిన్‌లో క్రెసాల్ లాంటి, మందు చెడకుండా కాపాడే పదార్థం కలుపుతారు. సూది తీశాక బొచ్చు తడిగా ఉండి, ఘాటు మందువాసన వేస్తే కొంత బయటికి పోయినట్టే. ఎంత పోయిందో తెలియదు కాబట్టి మళ్లీ గుచ్చకూడదు. తర్వాతి పూట వరకు ఆగాలి. ఒక పూట తగ్గినా ఫర్వాలేదు, రెండింతలు పడితేనే ముప్పు.

● ముందు తిండి, తర్వాతే సూది. గిన్నెలో ముఖం పెట్టి తింటున్నప్పుడో తినగానేనో వేస్తే చాలా కుక్కలు పట్టించుకోవు. ఆ పూట తినకపోయినా, తిన్నది కక్కేసినా మామూలు మోతాదు వేసేయకుండా డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

● తూలుతూ నడవడం, నీరసంతో కూలబడటం, వణుకు, ఫిట్స్... ఇవి చక్కెర పడిపోయిందనడానికి గుర్తులు. వెంటనే తేనె గానీ గ్లూకోజ్ నీళ్లు గానీ చిగుళ్లకు రాసి ఆసుపత్రికి పరుగెత్తాలి. స్పృహలో లేనప్పుడు నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆ పని మాత్రం చేయొద్దు.

● ఇన్సులిన్ వేయడం వచ్చింది కదా అని టీకాలు కూడా ఇంట్లోనే వేసేయకూడదు. టీకా పడక అలర్జీ వస్తే నిమిషాల్లో పరిస్థితి చేయిదాటిపోతుంది. అప్పుడు పక్కన పశువైద్యుడు ఉండి తీరాలి.

● వాడేసిన సూదులు, సిరంజిలను 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలు ఇళ్లలోని ప్రమాదకర చెత్తగా పేర్కొన్నాయి. తడి, పొడి చెత్తల్లో కలపకుండా గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, విడిగా అందజేయాలి. లేదంటే మీ కుక్కకు పనికొచ్చిన సూది రేపు చెత్త ఏరే పారిశుధ్య కార్మికుడి వేలికి గుచ్చుకుంటుంది.