ఆమ్లముల పేర్లు

బెల్లంపల్లి యనగానే బొగ్గుగనులు స్ఫురించును. పూర్వము ఆదిలాబాదు జిల్లాలో నుండి, 2016వ సంవత్సరమున మంచిర్యాల జిల్లాలో చేరిన ఈ పట్టణము సింగరేణి గనులకు ప్రసిద్ధి చెందినది. బొగ్గు మనకు వేడిమి నిచ్చుటయే కాక, ఆమ్లములకు పేర్లెట్లు వచ్చినవో గూడ తెలుపగలదు. ఇందులకు దానిలోని గంధకమే చాలును.

బొగ్గులో గంధకము కొద్దిగా నుండును. బొగ్గు మండునప్పుడు అది గాలిలోని ఆక్సిజనుతో కూడి, సల్ఫర్ డయాక్సైడు అను ఘాటైన వాయువగును. ఆ వాయువు నీటిలో కరగినచో సల్ఫ్యూరస్ ఆమ్లము లభించును. కొన్ని గనులలో బొగ్గుతోపాటు పైరైటు అను పసుపుపచ్చని ఖనిజము గూడ నుండును. ఇది ఇనుము, గంధకముల సమ్మేళనము. త్రవ్వకమువలన దీనికి గాలియు నీరును తగిలినప్పుడు క్రమముగా సల్ఫ్యూరిక్ ఆమ్లము పుట్టి గనినీటిలో కలియును. అట్టి నీరు ఇనుప గొట్టములను, పంపులను తినివేయును.

ఈ రెండు ఆమ్లములకును మూలము గంధకమే. అయినను సల్ఫ్యూరస్ ఆమ్లము అణువులో ఆక్సిజను పరమాణువులు 3. సల్ఫ్యూరిక్ ఆమ్లములో 4. ఆక్సిజను తక్కువగా నున్నదానికి 'అస్' అనియు, ఎక్కువగా నున్నదానికి 'ఇక్' అనియు తుది చేర్చుదురు. తెలుగులో వీనినే గంధకసామ్లము, గంధకికామ్లము అందురు. నైట్రస్ ఆమ్లములో ఆక్సిజను పరమాణువులు 2, నైట్రిక్ ఆమ్లములో 3. కావున ఈ తుదులు నిర్దిష్టమైన సంఖ్యను గాక, రెండింటిలో ఏది ఎక్కువో, ఏది తక్కువో తెలుపునని గ్రహింపవలెను.

క్లోరిను నుండి ఇట్టి ఆమ్లములు నాలుగు కలుగును. అప్పుడు రెండు తుదులు చాలవు. అందుచే 1 ఆక్సిజను గలది హైపోక్లోరస్, 2 గలది క్లోరస్, 3 గలది క్లోరిక్, 4 గలది పెర్‌క్లోరిక్ ఆమ్లములైనవి. ఆక్సిజను లేక, హైడ్రోజను క్లోరినులు మాత్రమే గలది హైడ్రోక్లోరిక్ ఆమ్లము.

ఈ పద్ధతి ఏర్పడక పూర్వము ఆమ్లములను అవి పుట్టిన వస్తువులనుబట్టి పిలిచెడివారు. ఉర్దూలో ఆమ్లమునకు 'తేజాబ్' అని పేరు. వాడియైన నీరని దాని యర్థము. గంధకమునుండి వచ్చినది గంధక్ కా తేజాబ్, ఉప్పునుండి వచ్చినది నమక్ కా తేజాబ్, సురేకారమునుండి వచ్చినది షోరే కా తేజాబ్. ఈ పేర్లు ఆమ్లముల పుట్టుకను చెప్పునే గాని వానిలోని మూలకములను చెప్పవు.

1787లో ఫ్రాన్సు దేశమున లవోయిజే మొదలగు నలుగురు శాస్త్రజ్ఞులు, పదార్థముల పేర్లు వాని నిర్మాణమును సూచించునట్లు క్రొత్త విధానమును ప్రకటించిరి. ప్రతి ఆమ్లమునందును ఆక్సిజను ఉండితీరునని లవోయిజే నమ్మెను. ఆమ్లమును పుట్టించునదను అర్థముతోనే దానికి ఆ పేరు పెట్టెను. తెలుగులో 'ఆమ్లజని' యనుట దానికి అనువాదమే. కాని 1810లో హంఫ్రీ డేవీ క్లోరిను మూలకమనియు, ఉప్పునుండి వచ్చిన ఆమ్లములో ఆక్సిజను లేదనియు నిరూపించెను. నమ్మకము తొలగినది, పేరు మాత్రము నిలిచినది.

సల్ఫ్యూరస్ ఆమ్లము బలహీనమైనది. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లమో, పంచదారను బొగ్గుగా మార్చును, చర్మమును కాల్చును. కావున ప్రయోగశాలలో సీసాను ముట్టుటకు ముందే విద్యార్థి దానిపై నున్న పేరును తుది అక్షరమువరకు చదువవలెను.